ఎట్లున్నవక్కా అని అడిగే కాగితం

(వ్యవసాయ కూలీ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే పొయ్యి ముట్టించి, పిల్లలకింత వండిపెట్టి, ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చిన అక్కలకూ చెల్లెళ్ళకూ, అత్తలకూ అవ్వలకూ దండాలు. వెనక చెట్టుకింద నిలబడ్డ అన్నలకూ తమ్ముళ్ళకూ కూడా దండాలు. మీరు ఎందుకు అంత దూరంగా నిలబడ్డారో మాకు తెలుసు. ఇవాళ మాట్లాడేది గర్భసంచి గురించి అని మైకులో చెప్పగానే నలుగురు టీ తాగొస్తామని లేచారు. పోవద్దు. 1985లో కారంచేడు జరిగినప్పుడూ, 1991లో చుండూరు జరిగినప్పుడూ మన ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని సభలకొచ్చారు. ఇది మగవాళ్ళ సంగతి, మాకెందుకని లేచిపోలేదు. కాబట్టి మీరూ ముందుకొచ్చి కూర్చోండి. టీ ఇక్కడికే తెప్పిస్తాం.

మేము గత కొంతకాలంగా వాడవాడా తిరుగుతున్నాం. భూమి పట్టాల గురించి, ఉపాధిహామీ కూలి గురించి, శ్మశానం దారి గురించి మాట్లాడటానికి పోతాం. ఆ మాటలన్నీ అయిపోయి, మగవాళ్ళు లేచి వెళ్ళిపోయాక, ఒక అక్క మెల్లగా దగ్గరికొచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుని, 'అమ్మా, మీకొక మాట చెప్పాలి' అంటుంది. ఆ మాట దాదాపు ప్రతి వాడలోనూ ఒకటే. తెల్లబట్ట అవుతుంది. నడుం పడిపోయింది. సంచి కిందికి జారింది. సంచి తీయించుకున్నా, అప్పటినుంచి మనిషిని మనిషిలా లేను. ఈ చివరిమాట వినీ వినీ, దీన్ని సభలో పెట్టి మాట్లాడాలని అనుకున్నాం.

ఒక చెల్లెలి సంగతి చెబుతాం. పేరు చెప్పం, ఊరు చెప్పం. పదహారేళ్ళకు పెళ్ళి. ఇరవై ఒకటో ఏటికి ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషను. ఇరవై ఎనిమిదో ఏట తెల్లబట్ట, నడుంనొప్పి. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు చూశాడు. చూశాడంటే నాడి పట్టుకున్నాడు, అంతే. 'ఇది ముదిరితే క్యాన్సరవుతుంది, పట్నంలో తెలిసిన ఆసుపత్రి ఉంది' అని తన బండిమీదే ఎక్కించుకుని పోయాడు. స్కానింగు తీశారు. ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు, మొగుడికీ తెలియదు. గడ్డ ఉందన్నారు, తీసేయాలన్నారు. కామందు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి ముప్పైవేలు తెచ్చారు. వారం తిరిగేసరికి సంచి లేదు. ఆర్‌ఎంపీకి ఆసుపత్రి నుంచి ఏం ముట్టిందో మీలో చాలామందికి తెలుసు, మేము చెప్పక్కర్లేదు.

ఇప్పుడామెకు ముప్పై రెండు. ఒళ్ళంతా సెగలొస్తాయి, రాత్రిపూట నిద్రలో లేచి కూర్చుంటుంది. మోకాళ్ళు పట్టేస్తాయి. నాటుకు వంగితే లేవలేదు. ముఠా మేస్త్రి 'నువ్వు రాకు, పని వెనకబడుతుంది' అంటుంది. మేస్త్రి కూడా మన మనిషే. ఆమె మాత్రం ఏం చేస్తుంది, గుత్తకు పట్టిన పొలం సాయంత్రానికి అయిపోవాలి. సంచి తీయించుకోవడానికి తెచ్చిన అప్పు పనిచేసి తీర్చాలి. ఆ పని చేయడానికి ఒళ్ళు సహకరించదు. ఆసుపత్రి రికార్డు తీసి చూస్తే మాత్రం ఆపరేషను బాగా జరిగింది, కుట్లు మానాయి, ఇంటికి పంపించాం అని ఉంటుంది.

ఇలాంటి చెల్లెలు ఒక్కతి కాదు. ప్రభుత్వమే లెక్కలు తీసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటుంది. 2015-16లో చేసిన నాలుగో సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలోని పెద్ద రాష్ట్రాలన్నిటిలో మనమే ముందున్నాం. 2019-21లో చేసిన ఐదో సర్వేలో కూడా ఈ లెక్క పెద్దగా మారలేదు. దేశంలో ఇట్లా సంచి పోయినవాళ్ళలో సగంమందికి ఆపరేషను నాటికి 34 ఏళ్ళు దాటలేదు. మూడింట రెండువంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. 34 ఏళ్ళంటే ఏమిటి? పెద్దింటి ఆడపిల్ల చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయ్యి ఒక బిడ్డను కని స్థిమితపడే వయసు. మనవాళ్ళు ఆ వయసుకి సంచి పోగొట్టుకుని, మనవరాలిని ఎత్తుకోవడానికి కూడా సత్తువలేక కూర్చుంటున్నారు.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. అన్ని ఆపరేషన్లూ డాక్టర్లు మాయచేసి చేసినవి కావు. చాలామంది అక్కలు తామే అడిగి చేయించుకున్నారు. 'పిల్లలు పుట్టారు, ఆపరేషనయింది, ఇంక ఆ సంచి ఎందుకు, నెలనెలా పీడ తప్ప' అంటారు. ఆ మాట మీద వాళ్ళను తప్పుపట్టేముందు వాళ్ళ నెల ఎట్లా గడుస్తుందో చూడాలి. మిరపకోతకు పోతే పదెకరాల చేలో చాటుకు ఒక చెట్టుండదు. బట్ట మార్చుకోవడానికి తావుండదు, కడుక్కోవడానికి నీళ్ళుండవు. నాటు మడిలో తడిబట్టతోనే పొద్దంతా. ఆ మూడురోజులు పోకపోతే కూలి పాయె. మహారాష్ట్రలో బీడ్ జిల్లా ఉంది, చెరుకు కొట్టడానికి వలసపోయే జనం ఎక్కువ. అక్కడ ఒకరోజు పనికి రాకపోతే 500 రూపాయల దాకా జరిమానా కోస్తారు. 2019లో గోల పుట్టి ప్రభుత్వం లెక్క తీయిస్తే, 82,309 మంది చెరుకుకూలీ ఆడవాళ్ళలో 13,861 మందికి గర్భసంచి లేదని తేలింది. ముట్టు వస్తే పని ఆగుతుంది, పని ఆగితే జరిమానా, కాబట్టి సంచినే తీసేయ్! చేలో మరుగుదొడ్డి కట్టించడం కామందు బాధ్యత కావాల్సింది పోయి, మనిషి కడుపు కోయించుకోవడం కూలిదాని బాధ్యత అయింది.

సంచి ఎందుకు అని అడుగుతున్నారు కదా, చెబుతాం. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలుంటాయి. ఆడమనిషి ఒంట్లో ఎముక గట్టిగా ఉండటానికి, గుండె నిబ్బరంగా ఉండటానికి, నిద్ర పట్టడానికి కావలసిన రసాలు అందులోంచి వస్తాయి. చాలాచోట్ల సంచితోబాటు వీటినీ తీసేస్తారు. తీసిన సంగతి చెప్పరు కూడా. యాభైకి దగ్గరపడ్డాక మెల్లమెల్లగా రావలసిన ముట్లుడగడం ముప్పైలో ఒక్కరాత్రిలో వచ్చిపడుతుంది. సెగలు, ఎముకల అరుగుడు, చిరాకు, మొగుడు దగ్గరికొస్తే మంట. అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా, కొందరికి అవి తొందరగానే అలిసిపోతాయి. మరి తెల్లబట్టకు ఏం చేయాలి? ఎక్కువసార్లు అది పుండో, క్రిములో. లోపల పరీక్షచేసి సరైన మాత్రలిస్తే తగ్గిపోయేదే. అయితే మొగుడికీ కలిపి మందు వాడాల్సిన జబ్బులు కొన్ని ఉన్నాయి. అన్నలు వింటున్నారు కదా. నిజంగానే సంచి తీయవలసిన జబ్బులూ ఉన్నాయి, వద్దనడం లేదు. మందులు వాడి చూసి, ఇంకో డాక్టరుకు చూపించి, అప్పుడు తీయించుకోండి అంటున్నాం.

ఇంకో బాధ ఉంది, అసలు ఎవరూ నోరెత్తనిది. సంచి జారడం. మేము కలిసిన ఒక పెద్దమ్మ ఇరవై ఏళ్ళుగా దాన్ని చేత్తో లోపలికి నెట్టుకుని, పాతబట్ట కట్టుకుని, పేడతట్టలు మోస్తూ ఉంది. దగ్గినా తుమ్మినా ఉచ్చ పడుతుంది. ఆ భయానికి బస్సెక్కదు, చుట్టాలింటికి పోదు, చర్చిలో ముందు వరుసలో కూర్చోదు. కూతురికి కూడా చెప్పలేదు, మాకే మొదటిసారి చెప్పింది. కాన్పయిన నెలలోపే బరువులెత్తించడం, కాన్పు మీద కాన్పు, ఎప్పుడూ ఉండే దగ్గు, వీటన్నిటితో కింది కండరం వదులైపోతుంది. దీనికి మొదట్లోనే అయితే కింది కండరాన్ని బిగించి వదిలే కసరత్తు ఉంది, ఏఎన్ఎంని అడిగితే చెప్పాలి. లోపల పెట్టే రింగు ఉంది, ఆపరేషనంత ఖర్చు కాదు. బాగా జారినవాళ్ళకు ఆపరేషను ఉంది. ఇరవై ఏళ్ళు చేత్తో నెట్టుకోవలసిన అవసరం ఏ మనిషికీ లేదు.

ఇక క్యాన్సరు. గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సరు గురించే ఎక్కువ చెబుతాం, పేదింటి ఆడవాళ్ళను ఎక్కువ పట్టేది అది. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడు 1,27,000 మందికి పైగా కొత్తగా వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. ఇది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ఆడా మగా కలయికలో చాలామందికి అంటుకునేదే, చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో పోకుండా పదేళ్ళు, పదిహేనేళ్ళు మెల్లమెల్లగా మూతిని తొలుస్తుంది. కాబట్టి 'అది ఎట్లాంటిదో, అందుకే వచ్చింది' అనే మాట ఎవరన్నా అంటే అక్కడే నోరు మూయించండి. ఒక్క మొగుడితోనే కాపురం చేసిన ఆమెకూ వస్తుంది.

పదేళ్ళు పట్టే జబ్బు అంటే మనకు పదేళ్ళు టైముంది అని అర్థం. వెనిగర్ లాంటి పలచటి ద్రావణం దూదితో మూతికి రాసి ఒక నిమిషం ఆగితే, చెడిపోతున్నచోట తెల్లమచ్చ కనపడుతుంది. పెద్ద మిషన్లు అక్కర్లేదు, నర్సమ్మ చేయగలదు. ఆ దశలో చిన్న చికిత్సతో కొద్ది నిమిషాల్లో ఆ చోటు మాడ్చేసి ఇంటికి పంపొచ్చు. ముంబై మురికివాడల్లో 1998లో మొదలుపెట్టి, దాదాపు లక్షన్నరమంది ఆడవాళ్ళ మీద దీన్ని పరీక్షించారు. రెండేళ్ళకొకసారి ఈ పరీక్ష చేసిన గుంపులో చావులు నూటికి 31 తగ్గాయని 2013లో చెప్పారు. పోల్చి చూడటానికి పరీక్ష చేయకుండా వదిలేసిన గుంపు కూడా ఉంది. వాళ్ళూ మురికివాడల ఆడవాళ్ళే. పెద్ద చదువుల పరిశోధనకు వదిలేయడానికి దొరికేది ఎప్పుడూ ఎవరో గమనించండి. సరే, పరీక్ష పనిచేస్తుందని తేలింది. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళందరికీ ఐదేళ్ళకొకసారి చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం రాసిపెట్టుకుంది. 2019-21 సర్వేలో చూస్తే 30 దాటినవాళ్ళలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు లేరు. సంచి కోయడానికి ముందుకొచ్చినంత మంది దూది పట్టుకోవడానికి రాలేదు.

గుర్తులు చెబుతాం, మనసులో పెట్టుకోండి. మొగుడితో కలిశాక రక్తం కనపడటం. ముట్టుకీ ముట్టుకీ మధ్య రక్తం. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం. ఆ చివరిదాన్ని మన అవ్వలు 'మళ్ళీ పడుచుదాన్నయ్యా' అని నవ్వుకుని వదిలేస్తారు, వదిలేయొద్దు. నీళ్ళలాగా, కంపుకొట్టే పారుడు. వీటిలో ఏది కనపడినా ఆర్‌ఎంపీ దగ్గరికి కాదు, ప్రభుత్వాసుపత్రిలో ఆడడాక్టరు దగ్గరికి.

ముదిరాక తెలిసినవాళ్ళ బతుకు ఎట్లుంటుందో కూడా చెప్పాలి. కరెంటు పెట్టడం అంటాం మనం. వారానికి ఐదురోజుల చొప్పున ఐదారు వారాలు, దాంతోబాటు వారానికొక మందు సీసా, ఆ తరవాత లోపలినుంచి పెట్టే కరెంటు. హైదరాబాదులో ఎమ్‌ఎన్‌జేకో, విశాఖకో, గుంటూరుకో పోవాలి. ఆరోగ్యశ్రీ కార్డు వైద్యానికి పనికొస్తుంది. కానీ అక్కడ నెలన్నర ఎక్కడుండాలి, తోడు ఎవరుండాలి, తోడున్న మనిషి కూలి ఎవరివ్వాలి, ఇంట్లో పిల్లలకు ఎవరు వండాలి? కార్డులో దీనికి గడి లేదు. సగంలో తిరిగొచ్చేసినవాళ్ళను మేము చూశాం. వాళ్ళు మొండివాళ్ళు కాదు. నాట్లు మొదలయ్యాయి, వచ్చేశారు.

వైద్యం పూర్తయి బతికినవాళ్ళదీ సులువైన బతుకు కాదు. పెద్దపేగు కాలి రోజుకు పదిసార్లు విరేచనాలు. మూత్రంలో మంట, రక్తం. కొందరికి కాలు ఏనుగు కాలులా వాస్తుంది. లోపలిదారి బిగుసుకుపోతుంది. దానికి మెత్తగా సాగదీసే సాధనం ఉంటుంది, కానీ సిగ్గుతో డాక్టరు చెప్పడు, సిగ్గుతో ఈమె అడగదు. కొందరికి లోపల రంధ్రం పడి మూత్రం కారుతూనే ఉంటుంది. కంపు.

ఈ కంపు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాం, ఇక్కడే మేము మనవాళ్ళందరినీ నిలదీయాలి. ఒక వాడకు పోయాం. ఇంటి వెనక గేదెల కొట్టం పక్కన మంచం, మంచం మీద ఒక అక్క. ఆమెకు వేరే కంచం, వేరే గ్లాసు. మనవడు దగ్గరికి పోతే కోడలు కేకేసి వెనక్కు లాక్కుంది. ఆ ఇంటాయన మన సంఘంలో పాతమనిషి, మంచి మనిషి. ఊళ్ళో టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడి దెబ్బలు తిన్నవాడు. ఆ గ్లాసు టీకొట్టులోంచి తీయించి తెచ్చి ఇంట్లో పెళ్ళాం మంచం పక్కన పెట్టాడు. మేము ఆ మాటే ఆయనతో అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత 'అంటుకోదా?' అని అడిగాడు. అంటుకోదు. గ్లాసుతో, కంచంతో, ముద్దుతో, పక్కన పడుకోవడంతో క్యాన్సరు అంటుకోదు. కంపు తగ్గించే చవక మాత్ర ఉంది, డాక్టరును అడిగితే రాసిస్తాడు. నొప్పికి మార్ఫిన్ ఉంది. అది ఇవ్వడానికి అడ్డంగా ఉన్న చట్టాన్ని 2014లో కొంత సడలించారు. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేర్ అని నొప్పి తగ్గించే వార్డులు పెట్టారు. జబ్బు నయం కాదని తెలిసిన మనిషికి కూడా నొప్పిలేని రాత్రి మీద హక్కుంది. ఆ అక్క మంచం ఇప్పుడు ఇంట్లో వసారాలోకి వచ్చింది.

మాకు చదువుకున్న డాక్టరమ్మ ఒకామె ఒక కాగితం చూపించింది. క్యాన్సరు మనుషులు ఎట్లా బతుకుతున్నారో కొలవడానికి 1993లో యూరప్ డాక్టర్లు 30 ప్రశ్నలు తయారుచేశారట. గర్భసంచి మూతి క్యాన్సరుకు ఇంకో 24 ప్రశ్నలు విడిగా ఉన్నాయట. మంచిపనే. బతికిందా చచ్చిందా అని మాత్రమే కాకుండా, ఎట్లా బతుకుతోంది అని అడగాలని వాళ్ళకు తోచింది. అయితే అందులో మొట్టమొదటి ప్రశ్న ఏమిటంటే, బరువైన సామాను సంచీనో సూట్‌కేసునో మోయడం కష్టంగా ఉందా అని! మేము నవ్వాం, డాక్టరమ్మా నవ్వింది. మన అక్కల్లో సూట్‌కేసు మోసేదెవరు? గడ్డిమోపు ఎత్తగలవా, యూరియా బస్తా ఈడ్వగలవా అని అడగాలి. ఆ 30లో డబ్బు ఇబ్బంది గురించి ఒకేఒక ప్రశ్న ఉంది. మనదగ్గర రాస్తే సగం ప్రశ్నలు దానిమీదే ఉంటాయి.

అందుకని మనమే ఒక కాగితం రాసుకుందామని అనుకున్నాం. నాటుకు వంగగలుగుతున్నావా? నిండుబిందె ఎత్తగలుగుతున్నావా? గొంతుకూర్చుని దొడ్డికి పోగలుగుతున్నావా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? పోయిన నెలలో ఎన్నిరోజుల కూలి పోయింది? ఈ జబ్బు మీద ఎంత అప్పుంది, ఎవరికి? ఎక్కడికన్నా పోవడం మానేశావా? ఇంట్లో నీ కంచం ఎక్కడుంటుంది? మొగుడు దగ్గరికొస్తే నొప్పిగా ఉంటుందా, వద్దంటే వింటాడా? నీ మాట ఎవరికన్నా చెప్పుకున్నావా?

కాగితమంటే మీకు భయమని తెలుసు. మన చేత వేలిముద్ర వేయించుకున్న కాగితాలు మనకెప్పుడూ మేలు చేయలేదు. 2009లో ఇదే క్యాన్సరు రాకుండా వేసే టీకా పేరుతో ఖమ్మం జిల్లాలో ఏం జరిగిందో గుర్తుందా? భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి వేశారు. వాళ్ళలో చాలామంది హాస్టళ్ళ పిల్లలు, ఆదివాసీ, దళిత బిడ్డలు. అది పరిశోధన అని తల్లిదండ్రులకు చెప్పలేదు. 2013లో పార్లమెంటు కమిటీ చూస్తే, 9,543 ఒప్పుకోలు కాగితాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు, 1,948 మీద వేలిముద్రలున్నాయి. ఇక్కడా గుజరాత్‌లో వడోదరలోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. 2010 ఏప్రిల్లో ఆ కార్యక్రమం ఆపేశారు.

అప్పటినుంచి టీకా అంటేనే మన వాడల్లో తలుపులేస్తున్నారు. మా అభిప్రాయం సూటిగా చెబుతాం, కొందరు అన్నలకు నచ్చకపోవచ్చు. టీకా మంచిదే. చాలాదేశాల్లో ఇది వేశాక ఈ క్యాన్సరు తగ్గింది. మన దేశంలోనే తయారైన టీకా 2023లో బజారుకొచ్చింది, 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయడాన్ని ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్లో ప్రభుత్వం చెప్పింది. తప్పు సూదిది కాదు, అడగకుండా గుచ్చిన చేతిది. మన పిల్లకు వేసేముందు ఇది ఏమిటి, ఎందుకు, జ్వరమొస్తే ఎక్కడికి రావాలి అని తల్లికి తెలుగులో చెప్పాలి. చెబితే వేయించుకుందాం. పెద్దింటి పిల్లలు డబ్బులు పెట్టి వేయించుకుంటున్నది మన పిల్లలకు వద్దనడం కూడా మన పిల్లల్ని మోసం చేయడమే.

సంచి ఆపరేషను సంగతిలోనూ అంతే, అడగటం మన హక్కు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా డబ్బుకోసం అక్కర్లేని గర్భసంచులు తీసేశారని ఒక డాక్టరు 2013లో సుప్రీంకోర్టుకు పోయాడు. ఆ ఆడవాళ్ళలో ఎక్కువమంది ఎస్సీలు, ఎస్టీలు, బీసీలే. 2023 ఏప్రిల్ 5న తీర్పొచ్చింది. 2022లో కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడునెలల్లో రాష్ట్రాలన్నీ అమలుచేయాలనీ, మనిషికి తెలియజెప్పి ఒప్పుకోలు తీసుకోకుండా అక్కర్లేని ఆపరేషను చేసిన ఆసుపత్రులను బ్లాక్‌లిస్టులో పెట్టాలనీ కోర్టు చెప్పింది. ఎవరన్నా 'తీసేయాలి' అంటే నాలుగు మాటలడగండి: జబ్బు పేరేమిటి, మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా, స్కానింగు కాగితం నాచేతికిస్తారా. ఇవ్వనంటే లేచి వచ్చేయండి. రక్తం ఆగకుండా పోతున్నప్పుడు మాత్రం ఆలస్యం చేయొద్దు.

అన్నలకొక మాట. బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో, కూలి ఆడవాళ్ళకు కాన్పు ముందూ వెనకా విశ్రాంతి ఇవ్వాలనీ, ఆ ఖర్చు ఎక్కువభాగం ప్రభుత్వమూ కొంత యజమానీ భరించాలనీ మాట్లాడాడు. 1938లో సంతాన నియంత్రణ మీద ఆయన తయారుచేయించిన తీర్మానాన్ని శాసనసభలో ఓడగొట్టారు. ఆయన ఫోటోకు దండవేసే ప్రతి ఇంట్లో కాన్పయిన మనిషికి నలభైరోజులన్నా బరువెత్తని బతుకుందా? మేము తిరిగిన ఇళ్ళలో చాలాచోట్ల లేదు. పిల్లల ఆపరేషను మగవాళ్ళకు తేలిక, ఒక్కరోజులో లేచి తిరగొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయినవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆడవాళ్ళే చేయించుకున్నారు. మగవాళ్ళు ఎంతమంది అని అడిగితే సభలో ఎవరూ తలెత్తరు.

ఇప్పుడు చేయవలసిన పని. ప్రతి వాడ నుంచి చదువొచ్చిన ఆడపిల్లలు ఇద్దరు పేర్లివ్వండి. వాళ్ళకు ఈ ప్రశ్నల కాగితం ఇస్తాం. ఇంటింటికీ పోయి, మగవాళ్ళు లేనప్పుడు, ఒక్కొక్కరినే అడగాలి. పేరు రాయొద్దు, ఇంటికొక అంకె వేస్తే చాలు. ఎవరి సంగతీ ఇంకొకరికి చెప్పొద్దు, చెబితే ఆ తరవాత ఒక్కరూ నోరు విప్పరు. నెలలోపు కాగితాలన్నీ కలిపి, ఎంతమందికి పరీక్ష కావాలో లెక్కతీసి పీహెచ్‌సీకి పోదాం. ఫలానా తేదీన నర్సమ్మనీ, దూదినీ, చాటుకు గుడ్డనీ పెట్టుకుని మా వాడకు రండి అని రాతపూర్వకంగా అడుగుదాం. రాకపోతే జిల్లా ఆఫీసు ముందు కూర్చుందాం, కూర్చోవడం మనకు కొత్తేం కాదు. కరెంటు పెట్టించుకోవడానికి పోయే మనిషి ఉంటే, ఆ ఇంటి పిల్లలకు ఆ నెలన్నర వాడలో వంతులవారీగా వండాలి. ఆ వంతుల్లో మగవాళ్ళ పేర్లూ రాస్తున్నాం.

టీ వచ్చింది. గ్లాసులన్నీ ఒకటే రకం, మేము చూసుకునే తెప్పించాం. తాగి, పేర్లిచ్చి వెళ్ళండి. సభలో చెప్పలేని మాట ఉన్నవాళ్ళు ఆ బడి గదిలోకి రండి, తలుపేసుకుని కూర్చుంటాం, చీకటి పడేదాకా ఇక్కడే ఉంటాం.